నీటికి కావలి

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరృతి భాగమున విశాలమైన ఎడారి పీఠభూమి యొకటి కలదు. ఎఱ్ఱని యిసుకరాతి కొండలు, లోతైన లోయలు, అక్కడక్కడ గొఱ్ఱెల మందలు అచట కానవచ్చును. అది నవాహో జాతివారి భూమి. వారు తమను ‘దినే’ యని పిలుచుకొందురు. ఆ మాటకు ‘జనులు’ అని యర్థము. ఆరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రములలో వ్యాపించిన ఈ ప్రదేశపు వైశాల్యము సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు. ఆ దేశమునందలి ఆదివాసుల భూములన్నింటిలోను ఇదియే పెద్దది. దీని రాజధాని విండో రాక్.

ఈ భూమి వారికి సులభముగా దక్కలేదు. 1864లో అమెరికా సైన్యము వేలకొలది నవాహోలను స్వస్థలమునుండి వెడలగొట్టి, దాదాపు 500 కిలోమీటర్లు నడిపించి, బాస్క్ రెడొండో అను చోట నిర్బంధించెను. అచటి నీరు త్రాగుటకు యోగ్యము కాదు. పంటలు పండలేదు. ఆకలిచేతను వ్యాధులచేతను అనేకులు మరణించిరి. 1868లో సంధి జరిగిన పిమ్మట మిగిలినవారు స్వదేశమునకు మరలివచ్చిరి. చెడిన నీరు ప్రజల నెట్లు క్రుంగదీయునో ఆ జాతి ఆనాడే యెఱిగినది.

ఎడారిలో నీరు అరుదు. నేటికిని నవాహో కుటుంబములలో నూటికి సుమారు ముప్పదింటికి ఇంటిలో కుళాయి లేదు. వారు పీపాలను వాహనములపై నుంచుకొని, ఎన్నో మైళ్లు పోయి, నీరు నింపుకొని తెచ్చుకొందురు. ఆ వాహనము నడచుటకు పెట్రోలు కావలెను. పాఠశాల, ఆసుపత్రి, అంగడి, అన్నియు దూరమే. కావున పెట్రోలు బంకు లేనిదే వారికి జీవనము సాగదు. అయితే బంకువా రమ్ము పెట్రోలును, జనులు త్రాగు నీరును, రెండును నేల క్రిందనే యుండును. చిక్కంతయు ఇచటనే యున్నది.

బంకు వద్ద మనకు కనబడునది పంపు మాత్రమే. వేలకొలది లీటర్ల ఇంధనము భూమిలో పాతిన ట్యాంకులలో నిలువయుండును. పూర్వము వీనిలో పెక్కింటిని పూతలేని ఉక్కుతో చేసెడివారు. తేమగల మన్ను తగిలి ఉక్కు త్రుప్పు పట్టును. సూదిమొన యంత రంధ్రము పడినను పైనున్నవారికి తెలియదు. సెకనున కొక చుక్క కారుచున్నదనుకొందము. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరని లెక్కించినచో, దినమునకు నాలుగు లీటర్లకు పైగా, సంవత్సరమునకు 1,500 లీటర్లకు పైగా పెట్రోలు నేలలో నింకిపోవును.

పెట్రోలు నీటికంటె తేలిక. అది భూగర్భజలమును చేరినపుడు తెట్టెవలె దానిపై తేలుచు వ్యాపించును. అందలి బెంజీను అను పదార్థము కొంత నీటిలో కరగును. బెంజీను క్యాన్సరును కలిగించును. అమెరికా నియమముల ప్రకారము త్రాగునీటిలో అది నూఱు కోట్ల భాగములకు ఐదు భాగములను మించరాదు. నవాహో భూమియందలి టూబా సిటీ పట్టణమున బంకుల ట్యాంకులనుండి కారిన పెట్రోలు ఈ విధముగనే నేలలోని నీటిని చేరినది. అట్లు చెడిన నీటిని మరల శుద్ధిచేయుటకు ఏండ్లు పట్టును. ధనమును విస్తారముగ వ్యయమగును.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకంటె ముందే జాగ్రత్తపడుట మేలు. అందుచే 1984లో అమెరికా కాంగ్రెసు భూగర్భ ట్యాంకులను అదుపుచేయుటకు చట్టము చేసెను. 1988లో ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ వివరమైన నియమములను ప్రకటించెను. ట్యాంకులకు త్రుప్పునుండి రక్షణ కల్పించవలెను. ఇంధనము నింపునపుడు పొరలిపోకుండ ఏర్పాటు చేయవలెను. కారుచున్నదా లేదా యని తఱచుగా పరీక్షించవలెను. కారుచున్నదను అనుమానము కలిగినచో 24 గంటలలో అధికారులకు తెలుపవలెను. పాత ట్యాంకులను 1998 డిసెంబరు 22 నాటికి బాగుచేయవలెను, లేదా మూసివేయవలెను. 2005లో చేసిన మఱియొక చట్టము ప్రతి ట్యాంకును మూడేండ్ల కొకసారియైనను తనిఖీ చేయవలెనని విధించినది.

నియమము లున్నంతమాత్రమున చాలదు. వానిని అమలుజరుపువారు కావలెను. ఇతర ప్రాంతములలో ఈ పనిని సాధారణముగా రాష్ట్రప్రభుత్వములు చేయును. నవాహో భూమిపై మాత్రము రాష్ట్రములకు అట్టి యధికారము లేదు. పూర్వ మొకప్పుడు గనేడో అను చోట అంగడి నడుపుచున్న యొక వర్తకుడు నవాహో దంపతులనుండి బాకీ రాబట్టుకొనుటకై ఆరిజోనా న్యాయస్థానమున దావా వేసెను. అతడు నవాహో కాడు. ఆ వివాదము సుప్రీం కోర్టు వఱకు పోయినది. నవాహో భూమిపై పుట్టిన ఆ తగవును విచారించు అధికారము రాష్ట్రపు న్యాయస్థానమునకు లేదనియు, అది నవాహో న్యాయస్థానమునకే చెందుననియు 1959లో తీర్పు వెలువడినది. తమ భూమిపై తమ చట్టములు చేసికొని వానికి లోబడి జీవించు హక్కు ఆ జాతికి కలదని ఆ తీర్పు చాటినది.

రాష్ట్రములకు అధికారము లేనందున ట్యాంకుల నియమములను అమలుజరుపు భారము నేరుగా కేంద్ర పర్యావరణ సంస్థపై పడినది. ఆ భాగమునకు చెందిన సంస్థ కార్యాలయము సాన్ ఫ్రాన్సిస్కో నగరమున నున్నది. అది విండో రాక్‌కు వేయి కిలోమీటర్లకు పైగా దూరము. అంత దూరమున నున్నవారు ప్రతి బంకును ఎల్లప్పుడు కనిపెట్టియుండుట కష్టము. కావున నవాహోలు తామే ముందునకు వచ్చిరి. 1995లో వారు తమ ప్రభుత్వమున ప్రత్యేక పర్యావరణ శాఖను నెలకొల్పుకొనిరి. భూగర్భ ట్యాంకుల విషయమై తమ శాసనసభచే ప్రత్యేక చట్టమును కూడ చేయించుకొనిరి. నేడు వారి అధికారులు కేంద్ర సంస్థతో కలిసి ఈ పని చేయుచున్నారు. ఆ నేలను, ఆ భాషను, ఆ దారులను వారు బాగుగ నెఱిగినవారు.

చిక్కులన్నియు తీరినవని చెప్పుటకు వీలులేదు. తూర్పు భాగమున భూములు చదరంగపు బల్లవలె కలగలిసి యున్నవి. జాతి భూమి ప్రక్కనే రాష్ట్రపు భూమియు, దాని ప్రక్కనే సొంతదారుల భూమియు ఉండును. ఏ ట్యాంకు ఎవరి అధికారమునకు లోబడునో తేల్చుట అచట తేలిక కాదు. ఎన్నడో మూతపడిన అంగళ్ల క్రింద యజమానులు విడిచిపోయిన ట్యాంకులును ఉండును. వానిని వెదకి, త్రవ్వి, తొలగించవలెను. యజమాని దొరకనపుడు శుభ్రపఱచుటకై 1986లో ఇంధనముపై స్వల్పమైన పన్ను విధించి కేంద్రమున ఒక నిధి ఏర్పఱచిరి.

ఈ కార్యమంతయు బంకులో పనిచేయు సామాన్యునిపై కూడ ఆధారపడి యున్నది. నిలువను కొలిచి, అమ్మిన పెట్రోలుతో సరిచూచి, తేడా కనబడిన దినముననే దాచక చెప్పువా డొకడుండినచో చిన్న కారుడు పెద్ద విపత్తు కాకముందే పట్టుబడును. నేల క్రింది నీరు కంటికి కనబడదు. అయినను ఆ బావినుండి పీపా నింపుకొనిపోవు కుటుంబము ఆ కొలతను నమ్మియే బ్రతుకుచున్నది.

ప్రశ్నలు

1. నవాహోలకు పెట్రోలును నీరును రెండును ఏల అత్యవసరములు?
2. భూగర్భ ట్యాంకు కారినచో భూగర్భజల మెట్లు చెడును?
3. 1959 నాటి తీర్పునకును ట్యాంకుల తనిఖీకిని గల సంబంధమును వివరింపుము.