ప్రశ్నను పనిగా మార్చుకొనుము

ప్లేనో, టెక్సాస్

చిరంజీవియగు మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. నవల వ్రాయుదునా, సినిమా తీయుదునా అను సందిగ్ధములో పడి, ఏదియు మొదలుపెట్టలేక దినములు గడచిపోవుచున్నవని విచారపడుచు వ్రాసితివి. మన భాషలో ఈ రెండు దారులను నడచిన త్రిపురనేని గోపీచందుగారి జీవితము నీకు ఉపకరించునని తోచి, తీరికగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1910లో కృష్ణా జిల్లా అంగలూరులో జన్మించిన గోపీచందుగారు కవిరాజు రామస్వామి చౌదరిగారి కుమారులు. లోకము పూజ్యమని చెప్పుదానినైనను కారణ మడుగక అంగీకరింపరాదను శిక్షణ వారికి తండ్రియొద్దనే లభించినది. పిమ్మట ఎం.ఎన్. రాయ్ గారి హేతువాద ఉద్యమములో పాల్గొని, కడపటి దశలో అరవిందుల ఆధ్యాత్మిక తత్త్వమువైపు మొగ్గిరి. అభిప్రాయము మారినప్పుడు మారలేదని బుకాయింపక, ఆ అన్వేషణనే రచనలలోనికి తెచ్చుట వారి చిత్తశుద్ధికి తార్కాణము. నీవును నేటి నీ అభిప్రాయములకు జీవితాంతము బందీవై యుండనక్కరలేదు.

వారి ‘అసమర్థుని జీవయాత్ర’ నవలలోని సీతారామారావు వంశప్రతిష్ఠ నిలుపవలెనని ఆస్తిని హారతికర్పూరము చేసి, ఆపైన చేయదగిన పని యేదియు చేయక, ప్రతి విషయమును తర్కించి తర్కించి, తుదకు శ్మశానములో అంతమొందును. ఆచరణలోనికి దిగని ఆలోచన మనిషి నెట్లు తినివేయునో ఇంత నిర్దయగా చూపిన ఆ రచయిత, తాను మాత్రము పని మానలేదు. 1939లో ‘రైతుబిడ్డ’ చిత్రమునకు సంభాషణలు వ్రాసిరి, 1950లో ‘లక్ష్మమ్మ’కు, మరుసటి రెండేండ్లలో ‘పేరంటాలు’, ‘ప్రియురాలు’ చిత్రములకు దర్శకత్వము వహించిరి. అటుపిమ్మట ఉద్యోగము చేయుచునే నవలలు వ్రాసిరి. 1962లో వారు గతించిన మరుసటి సంవత్సరము ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. దానిని వారు చూడలేదు. కాని వ్రాయవలసినది వ్రాసియే వెళ్ళిరి.

ఇక నీ సందిగ్ధము. ఆస్తి పోగొట్టుకొన్నవాడు సిగ్గుపడెనని నవలలో ఒక్క వాక్యముతో చెప్పవచ్చును; కెమెరా ముందు ఆ వాక్యము చెల్లదు. అప్పులవాడు వాకిట నిలిచి పిలిచినప్పుడు, అతడు బదులు పలుకక, ఉత్తరీయపు చిరుగు కనబడకుండ మడత మార్చి వేసికొనుట చూపవలెను. ఈ నిర్బంధమున కలవాటుపడిన కలము ఊరక వర్ణింపదు. నవల వలన అలవడిన అంతర్దృష్టి కెమెరాను పైపై మెరుగులకు పోనీయదు. కావున రెండింటిలో ఒకదానిని వరించి, రెండవదానిని విడువవలెనను భారము ఇప్పుడే నెత్తికెత్తుకొనకుము.

కథలకై గోదావరి తీరమునకు పోవలెనంటివి. పొమ్ము, కాని నీవు పెరిగిన ప్లేనోలో కథలు లేవనుట మాత్రము నేనొప్పుకొనను. ఇంటి వెనుక సందులో గరాజు తలుపు మూసికొనగానే మనుష్యసంచారము లేని వీథులివి. కూతురి పురుటికై ఆరునెలలుండిపోవుటకు వచ్చిన తల్లి, నేతచీరపై స్వెట్టరు తొడిగి, అల్లుని బూట్లు వేసికొని, తెలుగు మాట వినబడునేమోయని సాయంకాలము పార్కు చుట్టును తిరుగుచుండును. ఆమెకు ఇంటిలో ఏ లోటును లేదు. అయినను దేనికై వెదకుచున్నదో, ఎందుకు వెదకుచున్నదో ఆలోచింపుము.

సెలవులకు వచ్చినప్పుడు ఆ తల్లిని గూర్చి నాలుగు పుటలు వ్రాసి, అదే కథను మాటలు లేని చిన్న చిత్రముగా నీ ఫోనుతోనే తీయుము. వ్రాసినదానిని ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘమువారి ‘నెలనెలా తెలుగు వెన్నెల’ సదస్సులో చదివి, వినువారు ఎచ్చట అసహనముగా కదలుదురో గమనింపుము. ఆ చోటనే నీవు దిద్దవలసినది ఉండును. మంచిచెడ్డలు పిమ్మట విచారింతము. ముందు మొదలుపెట్టి ముగింపుము. నీకు ఆయురారోగ్యములును, పట్టిన పని విడువని స్థైర్యమును కలుగుగాక.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
తాతయ్య