పసుపు కాగితం, పారాణి రంగు

మంచు కురిసే సెలవులలో పిల్లల కాలక్షేపానికి ఖరీదైన రసాయన ఆటపెట్టె అక్కరలేదు. పోపులపెట్టె పక్కనుండే పసుపు డబ్బా చాలు. చెంచాడు పసుపును కొద్దిపాటి రబ్బింగ్ ఆల్కహాల్‌లో పెద్దలే, పొయ్యికి దూరంగా, కలిపి, అందులో కాఫీ వడపోత కాగితాన్ని ముంచి ఆరబెట్టాలి. దానిపై వంటసోడా నీటితో పేరు వ్రాస్తే అక్షరాలు ఎర్రబారుతాయి. నిమ్మరసం తగిలితే మళ్ళీ పసుపే. క్షారం కర్క్యుమిన్ అణువునుండి ప్రోటాన్‌ను లాగుకొనగా, అది పీల్చుకొనే కాంతి మారుతుంది. ఆమ్లం ఆ ప్రోటాన్‌ను తిరిగి ఇస్తుంది. ఇంట్లోని ఏ సబ్బు ఎర్రబరుస్తుందో, ఏది ఎర్రబరచదో పిల్లలే తేల్చాలి. ముందే చెబితే ఆట కాస్తా పాఠమైపోతుంది.

పెండ్లి వీడియోలలో మాత్రమే వారు చూచిన పారాణి కూడా పసుపు, సున్నముల కలయికే. అన్నట్టు, బట్టలపై పడిన పసుపు మరక ఎండలో ఆరవేస్తే వెలిసిపోతుంది.