చంపినవాడు తెలియనప్పుడు
పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 21:1-9



పొలములో శవమున్నది, చంపినవాడు తెలియదు. అప్పుడు దూరము కొలిచి, దగ్గరి ఊరి పెద్దలే దేవుని యెదుట నిలువవలెను.

2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, తరువాత పోలీసు కాల్పులలో 5గురు చనిపోయిరి. 2018లో విచారణ ముగిసి ముద్దాయిలు ఐదుగురూ నిర్దోషులుగా విడుదలైరి. మరి ఆ తల్లులకు జవాబు చెప్పవలసినదెవరు? కాల్చినది ప్రభుత్వపు తుపాకియే గదా! మసీదు సంగతి మనకెందుకని బండ్రిలో మనమే అనుకొంటిమి. శవము ఏ కులముదో కొలవమని మోషే చెప్పలేదు.

2009 నుండి అమలైన చట్టము ప్రకారము, నేరస్థుడు దొరకకున్నను చనిపోయినవారి కుటుంబము ప్రభుత్వ పరిహారము అడుగవచ్చును. అర్జీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పెట్టవలెను. మనకది బళ్లారిలో. కన్నడము వ్రాయలేనివారికి మన పిల్లలు వ్రాసిపెట్టగలరు.