తేట నీరంతా మంచి నీరేనా?

పిల్లలూ! కొన్నేళ్ల క్రితం మా పాఠశాల ప్రయోగశాలలో 100 లీటర్ల గాజు తొట్టి ఒకటి అమర్చాం. కుళాయి నీటిలోని క్లోరిన్ పోయేందుకు నీరు నింపి ఒక రోజంతా అలాగే ఉంచాం. మర్నాడు 8 బంగారు చేపలు తెచ్చి వదిలాం. నాలుగు రోజులు అవి హాయిగా ఈదాయి. ఐదోనాడు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవసాగాయి. ఎనిమిదో రోజుకు 5 చేపలు చచ్చి తేలాయి. మేత వేసే కుర్రవాడు కళ్లనీళ్లు పెట్టుకుని, "నేనే ఎక్కువ వేశానేమో మాస్టారూ!" అన్నాడు.

నీరు మాత్రం అద్దంలా తేటగా ఉంది. మరి చేపలు ఎందుకు చచ్చాయి?

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు శరీరంలో ఖర్చయినప్పుడు అమ్మోనియా తయారవుతుంది. అది చాలావరకు మొప్పల ద్వారా నీటిలోకి వచ్చేస్తుంది. మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే పుడుతుంది. చెరువులో నీరు విస్తారం కనుక అది పలచబడుతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? అక్కడే పేరుకుంటుంది. దానికి రంగు లేదు కనుక కంటికి కనబడదు. కాని కొద్దిపాటి అమ్మోనియా కూడా మొప్పలను దెబ్బతీస్తుంది.

ఈ విషాన్ని తొలగించేవారు లేరా? ఉన్నారు! వారే సూక్ష్మజీవులు. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. మరో రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. పైగా అది నీటి మొక్కలకు ఆహారం. పొలంలో చల్లిన యూరియా నుంచి పుట్టే అమ్మోనియా నైట్రేట్‌గా మారేది కూడా ఇలాంటి జీవుల వల్లనే. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ నేలలోని ఈ బాక్టీరియాను వేరుచేసి చూపాడు.

ఈ జీవులు తొట్టిలోని గులకరాళ్లను, వడపోత స్పంజిని అంటిపెట్టుకుని నివసిస్తాయి. వాటి పెరుగుదల చాలా నిదానం. కొత్త తొట్టిలో అవి తగినంతగా వృద్ధి కావాలంటే సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మా తొట్టికి మేమిచ్చిన గడువు ఒక్క రోజు! తప్పు ఆ కుర్రవాడిది కాదు, తొందరపడిన నాది.

మీరు తొట్టి పెట్టదలిస్తే ఇవి గుర్తుంచుకోండి:

1. చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ, వడపోత యంత్రాన్ని కొన్ని వారాలు నడపండి. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుంచి గుప్పెడు గులకరాళ్లు తెచ్చి వేస్తే పని త్వరపడుతుంది.

2. మొదట రెండు మూడు చేపలనే వదలండి. మిగిలినవి కొన్ని వారాల తర్వాత.

3. చేపలున్న సంచిని తొట్టి నీటిపై 15 నిమిషాలు తేలనివ్వండి. రెండు నీళ్ల వేడి సమానమవుతుంది. ఆపై తొట్టి నీరు కొద్దికొద్దిగా సంచిలో పోసి, చేపలను వలతో తీసి వదలండి. సంచిలోని నీరు తొట్టిలో పోయవద్దు.

4. రెండు నిమిషాలలో తినగలిగినంత మేతే వేయండి.

5. వారానికి ఒకసారి పావు వంతు నీరు తీసి, క్లోరిన్ పోయిన నీరు నింపండి.

బతికిన 3 చేపల కోసం మేము రోజూ పావు వంతు నీరు మార్చాం. నీళ్లు మోసింది ఆ కుర్రవాడే. ఆరు వారాల తర్వాత మరో రెండు చేపలను తెచ్చాం. అన్నీ నిలిచాయి.

ఇప్పుడొక ప్రశ్న. మీ మిత్రుడు తొట్టి శుభ్రం చేయాలని గులకరాళ్లనూ, స్పంజినీ కుళాయి కింద తెల్లగా కడిగేశాడు. వారం తిరగకుండా చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. కారణమేమిటో మీరే చెప్పండి!