ఎనిమిది పరుగులు, సున్నా గజాలు

1975 సెప్టెంబరు 21న అమెరికాలోని చికాగో నగరంలో వాల్టర్ పేటన్ అనే యువకుడు వృత్తి ఫుట్‌బాల్‌లో తన మొదటి పోటీ ఆడాడు. ఆ ఏడాది కొత్త ఆటగాళ్ళ ఎంపికలో చికాగో బేర్స్ జట్టువారు అతన్ని నాలుగోవాడుగా తీసుకున్నారు. అంటే దేశంలోని కళాశాల ఆటగాళ్ళందరిలోనూ అతనికంటే ముందు ఎంపికైనవారు ముగ్గురే. ఆ రోజు బంతిని ఎనిమిదిసార్లు అతని చేతికిచ్చారు. ఎనిమిదిసార్లూ పరుగెత్తాడు. మొత్తం మీద ఎన్ని గజాలు ముందుకు వెళ్ళాడో ఊహించండి. సున్నా!

మీరే ఆ జట్టు శిక్షకులైతే ఏం చేసి ఉండేవారు? అతన్ని కూర్చోబెట్టి ఇంకొకరిని పంపేవారా? జవాబు చెప్పడానికి తొందరపడకండి. ముందు ఆ ఆట సంగతి కొంచెం తెలుసుకుందాం.

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచేది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డులా పొడుగ్గా ఉంటుంది. దాన్ని కాలితో తన్నడం తక్కువ, చేత్తో విసరడం, చంకన పెట్టుకుని పరుగెత్తడం ఎక్కువ. మైదానం పొడవు 100 గజాలు. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు వెళితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. ఇందులో బంతి పట్టుకుని, ఎదుటివాళ్ళ మధ్యనుంచి సందు చూసుకుని దూసుకుపోయేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. అతన్ని పడగొట్టిన చోటికి ఎన్ని గజాలైతే అన్ని గజాలు అతని ఖాతాలో పడతాయి. బయలుదేరిన గీతకు వెనకే పడగొట్టారనుకోండి, అప్పుడు రుణ సంఖ్య వేస్తారు. పేటన్ సున్నా అలా వచ్చిందే. వచ్చిన గజాలూ పోయిన గజాలూ సరిపోయాయన్నమాట.

వృత్తి పోటీల్లో ఒక పరుగుకు సగటున 4 గజాల పైచిలుకు వస్తాయి. కాని ఈ సగటు ఒక వింత సగటు. చాలా పరుగులు రెండు మూడు గజాలకే ఆగిపోతాయి. ఎప్పుడో ఒకసారి 20 గజాలు, ఇంకా అరుదుగా 60, 70 గజాలు వస్తాయి. సగటును పైకి లాగేది ఆ అరుదైన పరుగులే.

ఇది మాటలతో చెబితే నమ్మకం కలగదు. ఒక ఖాళీ డబ్బా తీసుకోండి. ఒకే కొలత గల 20 చీటీలు కత్తిరించి వాటి మీద ఈ అంకెలు వేయండి: -2, -1, 0, 0, 1, 1, 2, 2, 2, 3, 3, 3, 4, 4, 5, 6, 7, 9, 13, 22. అన్నీ కూడితే 84. సగటు 4.2. వరసలో సరిగ్గా మధ్యనున్న విలువ, అంటే మీ లెక్కల పుస్తకం మధ్యగతమని చెప్పేది, 3 మాత్రమే. ఈ డబ్బాయే మన కొత్త ఆటగాడు. నిజమైన ఆటలో అంకెలు ఇంతకన్నా ఎక్కువగా చెదిరి ఉంటాయి గాని, మన పనికి ఇది చాలు.

ఇప్పుడు చూడకుండా ఒక చీటీ తీయండి. అంకె రాసుకుని, చీటీ మళ్ళీ డబ్బాలో వేసి, బాగా కలిపి ఇంకొకటి తీయండి. ఇలా ఎనిమిదిసార్లు చేస్తే ఒక పోటీ పూర్తయినట్టు. సగటు కట్టండి. ఒక్క పోటీతో ఆపకుండా ఒక పది పోటీలు ఆడండి. ఒకసారి 2 కంటే తక్కువ రావచ్చు, ఇంకోసారి 6 దాటిపోవచ్చు. 22 అంకె గల చీటీ వచ్చిన రోజు మీ ఆటగాడు వీరుడు. రాని రోజు పనికిమాలినవాడు! చీటీలు మారాయా? లేదు. డబ్బా అదే, ఆటగాడూ అతడే.

ఈ ఊగిసలాటకు ఒక లెక్క ఉంది. ఎనిమిది చీటీల సగటు, అసలు సగటైన 4.2కు అటు గాని ఇటు గాని దాదాపు 2 గజాల లోపల ఉండటం మూడింట రెండుసార్లే జరుగుతుంది. మిగతా మూడోసారి ఆ హద్దు కూడా దాటిపోతుంది. హద్దును 1 గజానికి తగ్గించాలంటే ఎన్ని చీటీలు తీయాలి? పదహారు అనుకుంటారు చాలామంది. కాదు, 32. అర గజానికి తగ్గించాలంటే 128. ఊగిసలాట పరుగుల సంఖ్యకు వర్గమూలం చొప్పున తగ్గుతుంది కాబట్టి, దాన్ని సగం చేయాలంటే పరుగులు నాలుగు రెట్లు కావాలి. వర్గమూలాలు ఎందుకు నేర్చుకోవాలని అడిగే మిత్రులుంటే వారికీ సంగతి చెప్పండి.

ఇప్పుడు ఇంకొక మొదటి పోటీ చూద్దాం. 2018 సెప్టెంబరులో న్యూయార్క్ జెయింట్స్ జట్టు తరఫున సాక్వాన్ బార్క్‌లీ మొదటిసారి ఆడాడు. 18 పరుగులు, 106 గజాలు. సగటు 5.9. ఎంత గొప్పగా ఉంది! అయితే ఆ 106లో 68 గజాలు ఒకే ఒక్క పరుగులో వచ్చినవి. దాన్ని పక్కన పెడితే మిగిలిన 17 పరుగులకు 38 గజాలు. సగటు 2.2. మరి అతడు గొప్పవాడా, అదృష్టవంతుడా? ఆ ఒక్క పరుగును కొట్టివేసి, ఇతనిలో ఏమీ లేదనడం కూడా పొరపాటే. దూరం పరుగెత్తడమూ ఒక నేర్పే కదా. ఆ నేర్పు అరుదుగా బయటపడుతుంది, అంతే. ఆ ఏడాది మొత్తం మీద బార్క్‌లీ 261 పరుగుల్లో 1,307 గజాలు సాధించాడు. సగటు 5.0. మొదటి రోజు పొగడ్త కాస్త ఎక్కువైంది, మొదటి రోజు అనుమానం అంతకన్నా ఎక్కువైంది.

తక్కువ పరుగులు చూసి తీర్పు చెప్పక తప్పనప్పుడు గణాంక శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేస్తారు. కొత్తవాడి గురించి మనకేమీ తెలియనప్పుడు అతన్ని సగటు ఆటగాడనే అనుకోవాలి. అందుకని అతని ఖాతాకు 100 సగటు పరుగులు, అంటే 420 గజాలు, అప్పుగా కలపండి. బార్క్‌లీ మొదటి పోటీకి ఇది చేస్తే 118 పరుగులకు 526 గజాలు, సగటు 4.5 వస్తుంది. పేటన్ ఎనిమిది పరుగులకు చేస్తే 108 పరుగులకు 420 గజాలు, 3.9. చూశారా? 5.9కీ సున్నాకీ ఉన్న అగాధం ఎంత చిన్నదైపోయిందో! 100 అనే అంకె శాసనమేమీ కాదు, నేను లెక్కకు వీలుగా ఎంచుకున్నది. 150 తీసుకోమనేవారూ ఉంటారు. అసలు సంగతి ఏమిటంటే, నిజమైన పరుగులు పెరిగేకొద్దీ ఈ అప్పు బలం తగ్గిపోతుంది. 1990లో డల్లాస్ కౌబాయ్స్ జట్టు కొత్త ఆటగాడు ఎమిట్ స్మిత్ మొదటి పోటీలో రెండు పరుగులకు 2 గజాలు సాధించాడు. మన పద్ధతిలో అతని సగటు 4.1. తర్వాత అతడు 18,355 గజాలు పరుగెత్తి, 4.2 సగటుతో ఆట ముగించాడు. మన పద్ధతి జోస్యం చెప్పిందని మురిసిపోకండి. రెండు పరుగులు ఏమీ చెప్పలేవు కాబట్టి మనం కలిపిన సగటే తిరిగి వచ్చింది, అంతే.

సరే, ఒక్క పోటీ చాలదు. ఏడాది మొత్తం చూస్తే చాలదా? ముగ్గురు కొత్త ఆటగాళ్ళ మొదటి ఏడాది లెక్కలు చెబుతాను. 1975లో పేటన్ 196 పరుగులకు 679 గజాలు, సగటు 3.5. 2012లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఆటగాడు ట్రెంట్ రిచర్డ్‌సన్ 267 పరుగులకు 950 గజాలు, సగటు 3.6. 2013లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు లెవియాన్ బెల్ 244 పరుగులకు 860 గజాలు, సగటు 3.5. పేర్లు చెరిపేసి చూపిస్తే ముగ్గురూ ఒకేలా ఉంటారు. ఉన్నంతలో రిచర్డ్‌సనే ఒక పిసరు మెరుగు.

తర్వాత ఏమైంది? పేటన్ రెండో ఏడాదే 1,390 గజాలు పరుగెత్తాడు. 13 ఏళ్ళు ఆడి 16,726 గజాలతో నెలకొల్పిన రికార్డు 2002 దాకా నిలిచింది. దాన్ని దాటినవాడు పైన చెప్పుకున్న ఎమిట్ స్మిత్. బెల్ రెండో ఏడాది సగటు 4.7కు పెరిగింది. రిచర్డ్‌సన్‌ను 2013 సెప్టెంబరులో క్లీవ్‌లాండ్ వారు ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టుకు ఇచ్చేశారు. బదులుగా మరుసటి ఏడాది మొదటి విడత ఎంపిక హక్కు తీసుకున్నారు. కొత్త జట్టులో ఆ ఏడాది అతని సగటు 2.9. 2014 తర్వాత ఆ స్థాయి పోటీల్లో అతడు మళ్ళీ ఆడలేదు.

కాబట్టి సగటుతో పాటు దాని వెనక ఉన్నవీ చూడాలి. రన్నింగ్ బ్యాక్ ఒంటరిగా పరుగెత్తడు. ముందు ఐదుగురు భారీ మనుషులు నిలబడి అతనికి దారి చేస్తారు. వాళ్ళు బలహీనులైతే అతనికి బంతి అందేసరికే ఎదుటివాడు మీద పడతాడు. 1975లో చికాగో జట్టు 14 పోటీల్లో 4 మాత్రమే గెలిచింది. ఇక పరుగు ఎప్పుడు తీశాడన్నది ఇంకొక సంగతి. 1 గజం కావలసిన చోట 2 గజాలు తెచ్చినవాడు జట్టును నిలబెట్టినట్టే. 10 గజాలు కావలసిన మూడో ప్రయత్నంలో 6 గజాలు తెస్తే ఖాతా పెరుగుతుంది గాని జట్టుకు లాభం లేదు. అందుకే కొందరు సగటును వదిలి, మొదటి ప్రయత్నంలో కావలసినదాంట్లో నూటికి 40 వంతులు, రెండోదాంట్లో 60 వంతులు, ఆ పైన పూర్తి దూరం తెచ్చిన పరుగులనే సఫలమైనవిగా లెక్కపెడతారు. ఈ లెక్కలో ఒక్క 68 గజాల పరుగు మిగతావాటిని కప్పేయలేదు.

ఇంతకన్నా మంచి పద్ధతి మీ ప్రయోగశాలలోనే ఉంది. రెండు మొక్కల్ని పోల్చాలంటే మట్టి, నీరు, ఎండ ఒకటిగా ఉంచుతారు కదా? అలాగే ఒకే జట్టులో, అదే ఐదుగురి వెనక పరుగెత్తిన ఇద్దరిని పోల్చాలి. 2013లో ఇండియానాపొలిస్‌లో రిచర్డ్‌సన్ 157 పరుగులకు 458 గజాలు తెస్తే, డొనాల్డ్ బ్రౌన్ అనే సహచరుడు 102 పరుగులకు 537 గజాలు తెచ్చాడు. సగటు 5.3. తప్పంతా దారి చేసేవాళ్ళదే అనడానికి ఇక వీల్లేదు. అయినా ఇద్దరినీ ఒకే రకం సందర్భాల్లో పంపారా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మొక్కలకు మనం నీళ్ళు సమంగా పోయగలం, శిక్షకుడు ఆటగాళ్ళకు బంతి సమంగా పంచడు.

మళ్ళీ మీ డబ్బా దగ్గరికి రండి. రెండో డబ్బాకు ఇంకో 20 చీటీలు తయారుచేయండి. అవే అంకెలు వేసి, చిన్నవైన పదింటికి మాత్రం ఒక్కొక్కటి కలపండి. సగటు 4.7 అవుతుంది. మామూలు ఆటగాడికీ మంచి ఆటగాడికీ ఉండే తేడా ఇంచుమించు ఇంతే. మీరు ఒక డబ్బా రహస్యంగా ఎంచుకుని చీటీలు తీస్తూ మొత్తం మాత్రమే చెప్పండి. అది ఏ డబ్బానో మీ స్నేహితుడు చెప్పాలి. 8 చీటీలతో అతడు చెప్పే జవాబు నాణెం ఎగరేసి చెప్పినట్టే ఉంటుంది. 200 చీటీలు తీసినా దాదాపు నాలుగింట ఒకసారి తప్పు చెబుతాడు. 200 తీయడానికి ఓపిక కావాలి. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని ప్రయత్నించండి.