పాఠం 11: నచ్చదు, పడదు, సయించదు, రోత

11.0 పరిచయం

ఒక ఇంట్లో మధ్యాహ్నం భోజనాల వేళ అయిందనుకొందాం. పిల్లవాడు కాకరకాయ కూరను కంచం అంచుకు నెట్టేశాడు. ఊరినుంచి వచ్చిన మేనమామ రొయ్యల ఇగురు వైపు ఆశగా చూసి, వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. మూడో నెల నడుస్తున్న కోడలు తిరగమోత ఘాటు సోకగానే నోరు మూసుకొని పెరట్లోకి పరుగెత్తింది. తాతగారు చారులో పురుగు తేలుతోందని గిన్నెడు చారూ పారబోయించారు. వడ్డించే ఇల్లాలికి పైకి కనిపించేది ఒక్కటే: నలుగురూ తినలేదు. "ఈ కొంపలో ఒక్కొక్కరిది ఒక్కో వంక" అని ఆమె విసుక్కొంటే తప్పు పట్టలేం.

అయితే ఈ నాలుగు వంకలకూ తెలుగులో నాలుగు వేరువేరు మాటలున్నాయి. పిల్లవాడికి కాకరకాయ నచ్చదు. మేనమామకు రొయ్యలు పడవు. కోడలికి పోపు సయించదు. తాతగారికి ఆ చారంటే రోత. మాటల్లో పడి మనం ఒకదాని బదులు మరొకటి వాడేస్తుంటాం. "ఛీ, నాకు అసహ్యం" అన్నది నాలుగు చోట్లా దొర్లిపోతుంది. ఈ పాఠం చదివాక, ఎవరైనా కంచం తోసేసినప్పుడు ఈ నాలుగింటిలో అది ఏదో మీరు గుర్తించగలుగుతారు. దేనికి ఏం చేయాలో, దేనికి ఏమీ చేయకూడదో చెప్పగలుగుతారు. నాలుగోదైన రోత అన్నం మీదినుంచి మనుషుల మీదికి ఎలా పాకుతుందో కూడా చూస్తారు.

11.1 నచ్చకపోవడం

ఇది నాలుక మాట. చేదో, వగరో, జిగురో, వాసనో నోటికి హితవుగా లేదు, అంతే. పుట్టి కొద్ది గంటలే అయిన శిశువు నాలుక మీద చేదు చుక్క వేస్తే మొహం చిట్లిస్తుంది, తీపి చుక్క వేస్తే చప్పరిస్తుంది. జాకబ్ స్టైనర్ అనే పరిశోధకుడు 1970 దశకంలో దీన్ని నమోదు చేశాడు. మొక్కల్లో ఉండే విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి కాబట్టి, చేదును ఉమ్మేయడం మనకు పుట్టుకతో వచ్చిన జాగ్రత్త.

అందరి నాలుకా ఒకటి కాదు. 1931 ప్రాంతంలో అమెరికాలోని డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పొడిని సీసాలో పోస్తుండగా అది గాలిలో లేచింది. పక్కనున్న సహోద్యోగి "అబ్బ, ఎంత చేదు" అన్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు! ఆ పొడి పేరు ఫినైల్ థయోకార్బమైడ్. ఈ తేడా చాలావరకు ఒక జన్యువు మీద ఆధారపడి ఉందని 2003లో తేలింది. అందుచేత "నాకు బాగానే ఉందే, నీకేం రోగం?" అని పిల్లవాడిని గద్దించే ముందు, వాడి నాలుకకు అందుతున్న రుచి మీ నాలుకకు అందకపోవచ్చునని గుర్తుంచుకోండి.

నచ్చకపోవడాన్ని పట్టుకోవడం తేలిక. ఆ చేదునే క్యాప్సూల్‌లో పెట్టి ఇస్తే మనిషి అభ్యంతరం లేకుండా మింగుతాడు. నాలుక దాటాక గొడవ లేదన్నమాట. మార్చడమూ తేలికే. బలవంతం లేకుండా, కొంచెం కొంచెంగా, పదిసార్లో పదిహేనుసార్లో రుచి చూపిస్తే పిల్లలు చాలా పదార్థాలకు అలవాటు పడతారు. కాఫీ మొదటిరోజే నచ్చినవాళ్లెవరో ఆలోచించండి.

11.2 పడకపోవడం, సయించకపోవడం

ఈ రెండూ శరీరం చెప్పే మాటలే. అయినా ఒకటి కావు.

మేనమామకు రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. రుచి మాత్రం ఇప్పటికీ ఇష్టమే, అందుకే ఆ ఆశచూపు. పాలు తాగితే కడుపు ఉబ్బేవారిదీ ఇదే స్థితి. పాలలోని చక్కెరను అరిగించే శక్తి పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. పడనిదాన్ని అలవాటు చేసుకొమ్మని ఒత్తిడి చేయడం ప్రమాదం. రొయ్యలు, వేరుశెనగ వంటివి పడనివారికి ఒక్కోసారి ఊపిరి ఆడని స్థితి కూడా రావచ్చు.

సయించకపోవడం వేరు. ఒకప్పుడు ఇష్టంగా తిన్నదే ఇప్పుడు తలుచుకొంటే కడుపులో తిప్పుతుంది. ఎప్పుడో జ్వరంలో తిని వాంతి చేసుకొన్న ఇడ్లీ ఏళ్ల తరబడి ముట్టనివారు మీకు తెలిసే ఉంటారు.

ఇది ఎలా ఏర్పడుతుందో మొదట ఎలుకల్లో బయటపడింది. 1955లో జాన్ గార్సియా, మరో ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు, ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యని నీళ్లు ఇస్తూ గామా కిరణాలు తగిలేలా చేశారు. ఆ కిరణాలవల్ల ఎలుకలకు జబ్బు చేసింది. తర్వాత వాటికి మామూలు నీళ్లు, తియ్యని నీళ్లు రెండూ పెడితే తియ్యనివాటిని వదిలేశాయి. తిన్నదానికీ జబ్బుకూ మధ్య గంటల వ్యవధి ఉన్నా, శరీరం ఆ రెంటినీ ముడివేస్తుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. అదే జబ్బును వెలుతురుతోనో చప్పుడుతోనో ముడివేయడం ఎలుకలకు చేతకాలేదు. కడుపులో వికారం పుడితే, అంతకుముందు తిన్న రుచినే మెదడు దోషిగా నిలబెడుతుంది. ఆ తీర్పు తప్పయినా సరే.

మనుషుల్లో చేసిన పరిశీలన ఒకటి ఇక్కడ బాగా పనికివస్తుంది. తిన్నాక వాంతి, వికారం కలిగినవారికి ఆ పదార్థం రుచే చెడుతుంది. దద్దుర్లు, ఉబ్బసం వంటివి కలిగినవారు దాన్ని మానేస్తారు గాని రుచి మీద ఇష్టం పోదు. పెల్షాట్, రోజిన్ అనే పరిశోధకులు 1982లో ఈ సంగతి ప్రకటించారు. మేనమామ ఆశచూపుకూ కోడలి పరుగుకూ ఉన్న తేడా ఇదే.

ఈ ముడి ఎంత గట్టిదో కాన్సర్ వార్డుల్లో కనిపిస్తుంది. ఇలీన్ బర్న్‌స్టైన్ అమెరికాలో కీమోథెరపీ తీసుకొంటున్న పిల్లలకు, మందుకు కొంచెం ముందు, అంతవరకు రుచి చూడని ఒక ఐస్‌క్రీమ్ ఇచ్చింది. కొన్ని వారాల తర్వాత మళ్లీ ఇస్తే చాలామంది వద్దన్నారు. వికారం మందువల్ల వచ్చింది, ఐస్‌క్రీమ్ వల్ల కాదు. ఆ సంగతి తెలిసినా నోరు ఒప్పుకోదు. ఈ ఫలితం 1978లో వెలువడింది. తర్వాత 1987లో మరో ఉపాయం ప్రకటించారు: భోజనానికీ మందుకూ మధ్య పిల్లలకు ఘాటైన రుచిగల బిళ్లమిఠాయి ఇస్తే, నింద ఆ మిఠాయి మీదికి పోయి భోజనం చాలావరకు బతికిపోయింది.

మన ఇళ్లలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. "పాపం, రేపు ఆస్పత్రికి వెళ్తున్నాడు" అని రోగికి ఎంతో ఇష్టమైన వంటకం చేసి పెడతారు. ప్రేమతోనే పెడతారు. దాంతో ఆ ఇష్టమైనది కాస్తా సయించకుండా పోవచ్చు. వికారం కలిగించే చికిత్స దగ్గర్లో ఉన్నప్పుడు, పోయినా బాధలేని సాదా తిండి పెట్టి, ఇష్టమైనదాన్ని కోలుకొన్నాక పెట్టడం మేలు.

వేవిళ్లలో ఉన్న కోడలి సంగతీ ఇంతే. ఆమెవి నాటకాలు కావు. పోపు వాసనకు దూరంగా కూర్చోబెట్టి, సయించినది సయించినంత పెట్టాలి. నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరకు తీసుకొని వెళ్లాలి.

(అన్నట్టు, మొహం మొత్తడం అని ఇంకో మాట ఉంది. పెళ్లింట్లో అయిదు రోజులు వరసగా లడ్డూలు తింటే కలిగేది అది. వారం ఆగితే పోతుంది. దీన్ని పై లెక్కలో చేర్చనక్కరలేదు.)

పాఠ్యగత ప్రశ్నలు 11.1

1. "నాకు వంకాయ కూర ఇష్టమే గాని తింటే ఒళ్లు దురద." ఇది ఏ కోవకు చెందుతుంది?
2. జాతర బస్సులో వాంతి చేసుకొన్న నాటినుంచి, ఎక్కే ముందు తిన్న పులిహోర ఒకామె ముట్టడం లేదు. జబ్బు పులిహోర వల్ల కాదని ఆమెకు తెలుసు. అయినా ఎందుకు తినలేకపోతోంది?

11.3 రోత

ఇప్పుడు తాతగారి చారు దగ్గరకు వద్దాం. పురుగును చెంచాతో తీసేసి, చారును మళ్లీ మరగబెట్టి ఇస్తామన్నా ఆయన తాగరు. రుచి మారలేదు. మరగబెట్టాక ప్రమాదమూ లేదు. ఆయనకు ఇంతకుముందు చారుతో వాంతి అయిందీ లేదు. మరి అడ్డేమిటి?

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాల్ రోజిన్, ఆయన సహచరులు దీన్ని పరీక్షించారు. చచ్చిన బొద్దింకను క్రిములు లేకుండా శుద్ధిచేసి, అందరి ఎదుటా పళ్లరసంలో ముంచి తీశారు. శుద్ధిచేశామని చెప్పారు కూడా. అయినా ఆ రసం తాగడానికి మనసొప్పినవారు తక్కువ. మంచి చాక్లెట్ మిఠాయిని కుక్క పెంట ఆకారంలో చేసి ఇస్తే, అది మిఠాయేనని తెలిసినా మొహాలు తిప్పుకొన్నారు. ఈ ప్రయోగాల వివరాలు 1986లో అచ్చయ్యాయి.

దీన్నిబట్టి రోతకు రెండు గుణాలున్నాయని తెలుస్తోంది. ఒకటి, అది అంటుకొంటుంది: ఒక్కసారి తాకితే చాలు, తాకిన జాడ లేకపోయినా వదలదు. రెండు, అది ఆ వస్తువు ఏమిటి, ఎక్కడినుంచి వచ్చింది అనే తలంపులోంచి పుడుతుంది. అందుకే క్యాప్సూల్ ఉపాయం ఇక్కడ పనిచేయదు. బొద్దింక పొడిని రుచీ వాసనా తెలియకుండా మాత్రలో పెట్టి ఇచ్చినా మింగడానికి చాలామంది ఒప్పుకోరు. రోత నాలుకది కాదు, మనసుది.

ఇందులో మొదటి గుణానికి తెలుగువారు ఎప్పుడో పేరు పెట్టుకొన్నారు: ఎంగిలి. ఒక చిన్న పని చేసి చూడండి. శుభ్రమైన గ్లాసులో నీళ్లు పోసి అందులో మీరే ఉమ్మి, ఆ నీళ్లు తాగగలరేమో ఆలోచించండి. తాగనక్కరలేదు, ఆలోచిస్తే చాలు. నోట్లో ఉన్నంతసేపు అది మీదే. క్షణం క్రితం మింగుతూనే ఉన్నారు. బయటికి రాగానే పరాయిదైపోయింది. మరోవైపు, తేనెటీగ కడుపు సంచిలోంచి బయటికి కక్కిన తేనెను వేళ్లతో నాక్కుంటాం! మొదటి వానలకు లేచే ఉసిళ్లు కొన్ని ఇళ్లలో వేపుకొని తినే చిరుతిండి. పక్కింట్లో వాటి పేరెత్తితే డోకు. ఉసిళ్లు రెండిళ్లలోనూ అవే.

పేరు మారితే రోత ఎలా మారుతుందో 2005లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. ఒకే వాసనను చీజ్ అని పేరుపెట్టి చూపితే బాగానే ఉందన్నవారు, ఒంటి చెమట కంపు అని పేరుపెట్టి చూపితే బాగాలేదన్నారు.

బంధం కూడా రోతను తగ్గిస్తుంది. 2006లో అచ్చయిన ఒక పరిశీలనలో, తల్లులకు తమ బిడ్డ మురికిగుడ్డ వాసన పరాయిబిడ్డ గుడ్డ వాసన కంటే తక్కువ రోతగా తోచింది. ఏది ఎవరిదో చెప్పకపోయినా అంతే. శబరి ఎంగిలి పళ్ల కథ వాల్మీకి రామాయణంలో లేదు. జనం తర్వాత చేర్చుకొన్నారు. ఎందుకు చేర్చుకొన్నారో ఇప్పుడు మీరు ఊహించగలరు.

మన అలంకార శాస్త్రం రోతకు పెద్దపీటే వేసింది. భరతుడి నాట్యశాస్త్రంలో బీభత్స రసానికి స్థాయీభావం జుగుప్స, అంటే ఈ రోతే. నచ్చకపోవడానికి అలాంటి రసమేదీ లేదు.

ఇంకో ముఖ్య విషయం. రోత పుట్టుకతో రాదు. చేదుకు మొహం చిట్లించే పసిబిడ్డ, పేడనూ పురుగునూ చేతికి దొరికితే నోట్లో పెట్టుకొంటుంది. ఏది రోతో ఇంట్లోవాళ్ల మొహాలు చూసి, "ఛీ ఛీ" అన్న మాటలు విని నేర్చుకొంటుంది. నేర్పేది పెద్దలే.

11.4 రోత మనుషుల మీదికి మళ్లితే

చార్లెస్ డార్విన్ 1872లో వెలువరించిన, భావోద్వేగాల గురించిన గ్రంథంలో తన అనుభవం ఒకటి రాశాడు. దక్షిణ అమెరికా కొసన ఉన్న తియెర్రా దెల్ ఫ్యూగోలో ఆయన నిలవ మాంసం తింటుంటే, అక్కడి మనిషి ఒకడు దాన్ని వేలితో తాకి చూసి, ఆ మెత్తదనానికి రోతపడ్డాడట. అతడు తాకినందుకు డార్విన్ రోతపడ్డాడట. అతని చేతులు మురికిగా ఏమీ కనిపించలేదని కూడా డార్విన్ ఒప్పుకొన్నాడు. ఈ రెండు రోతలూ ఒకటి కావు. మొదటిది మాంసం మీద. రెండోది మనిషి మీద.

2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య రాష్ట్రాలనుంచి వచ్చే విద్యార్థుల కోసం ఒక సూచనల పుస్తకం వేశారు. వెదురు కొమ్ముల వంట, పులియబెట్టిన సోయా గింజల అఖునీ వంటి ఘాటు వాసనల వంటకాలు వండుకొనేటప్పుడు ఇరుగుపొరుగులో గొడవ లేకుండా చూసుకొమ్మని అందులో ఉంది. నాగాలాండ్ పిల్లలకు అఖునీ అమ్మ చేతి వంట. ఇంగువ వాసనకు ఐరోపావారు దానికి "దయ్యం పెంట" అని పేరుపెట్టారని తెలిస్తే మనం నొచ్చుకొంటాం కదా! అఖునీ నచ్చలేదని పొరుగువారు అనవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వండుకొనేవారికి ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం మాత్రం నాలుకకు సంబంధించిన విషయం కాదు.

మరింత దగ్గరి ఉదాహరణ బడి భోజనం. వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. వంటవారి నియామకంలో దళితులకు, షెడ్యూల్డు కులాలవారికి, షెడ్యూల్డు తెగలవారికి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో చెప్పింది. అయినా 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక బడిలో, దళిత మహిళ వండిన అన్నం అగ్రకులాల పిల్లలు మానేశారు. అధికారులు ఆమెను తొలగించారు. అప్పుడు దళిత విద్యార్థులు, అగ్రకులానికి చెందిన వంటమనిషి వండిన అన్నం ముట్టలేదు.

ఈ పాఠంలోని మాటలతో ఆ మొదటి పిల్లలను ప్రశ్నించి చూడండి. అన్నం రుచి బాగాలేదా? ఆ ఫిర్యాదు లేదు. ఎవరికైనా పడలేదా? లేదు. తిని వాంతి చేసుకొన్నారా? లేదు. ఇక మిగిలింది ఒక్కటే, అదీ అన్నం మీది రోత కాదు. అది ఆ పిల్లలతో పుట్టిందీ కాదు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలో పాటించడాన్నయినా నిషేధించింది. రెండో పక్షం పిల్లలు అన్నం మానడాన్ని ఏమనాలి? పై నాలుగు మాటల్లో ఏదీ దానికి సరిపోదు. అది నిరసన.

అభ్యాసం

1. మీ ఇంట్లో ముగ్గురిని, వారు తినని ఒక్కొక్క పదార్థం గురించి అడగండి. "రుచి తెలియకుండా మాత్రలో పెట్టి ఇస్తే మింగుతారా?", "ఎప్పటినుంచి తినడం లేదు?" అనే రెండు ప్రశ్నలు వేసి, వారి జవాబులను బట్టి అది నచ్చకపోవడమో, పడకపోవడమో, సయించకపోవడమో, రోతో నిర్ణయించండి.
2. "ఎంగిలి" అనే మాట మీ ప్రాంతంలో ఎవరెవరి మధ్య పాటిస్తారు, ఎవరెవరి మధ్య పాటించరు? పది వాక్యాల్లో రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

11.1: (1) పడకపోవడం. రుచి మీద ఇష్టం పోలేదు కాబట్టి ఇది సయించకపోవడం కాదు. (2) వికారానికి ముందు తిన్న రుచిని శరీరం జబ్బుతో ముడివేసింది. అసలు కారణం తెలిసినా ఆ ముడి విడిపోదు. ఆమెను బలవంతపెట్టకుండా కొంతకాలం ఆగి, వేరే రకంగా కలిపిన పులిహోరను, ఆమె అడిగినప్పుడు మాత్రమే, కొద్దిగా పెట్టి చూడవచ్చు.