కొట్టు బోర్డు చేయించే ముందు

కొత్తగా కొట్టు పెట్టేవాళ్లు బోర్డు సంగతి చివర్లో చూసుకుంటారు. అడ్వాన్సుకీ ర్యాకులకీ పోగా మిగిలిన డబ్బుతో ఓ ఫ్లెక్స్ కొట్టించి కట్టేస్తారు. రేటు అడగబోయే ముందు రోడ్డుకి అవతలి పక్క నిలబడి, గిరాకీ ఎటునుంచి వస్తుందో, ఏ వేళప్పుడు వస్తుందో చూడండి. ఏ బోర్డు కావాలో అక్కడే తేలిపోతుంది.

పదకొండింటికల్లా కట్టేసే టిఫిన్ సెంటరుకి లైట్ల బోర్డు దండగ. రేకు మీద ఎనామిల్ పెయింటుతో రాయించండి. కరెంటు ఖర్చుండదు, వెలిసినచోట మళ్లీ దిద్దించుకోవచ్చు. రాసే ఆర్టిస్టులు తగ్గారు గానీ, వెతికితే దొరుకుతారు. ఫ్లెక్స్ చవకే, ఒక్క రోజులో చేతికొస్తుంది. కానీ మన ఎండలకి రంగు త్వరగా వెలుస్తుంది. పండగ ఆఫర్లకి వాడండి, కొట్టు పేరుకి మాత్రం వద్దు.

మందుల షాపు, బేకరీ, బిర్యానీ పాయింటు లాంటివాటికి సాయంత్రం గిరాకీ ముఖ్యం కాబట్టి బోర్డుకి వెలుగు కావాల్సిందే. పాత గ్లో సైన్ బోర్డులో నాలుగు 40 వాట్ల ట్యూబులు ఆరు గంటలు వెలిగితే రోజుకి దాదాపు ఒక యూనిట్ కాలుతుంది. లోపల ఎల్ఈడీ మాడ్యూళ్లు పెట్టిస్తే ఖర్చు తగ్గుతుంది. ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీటు మీద లేచి కనిపించే యాక్రిలిక్ అక్షరాలు అందంగా ఉంటాయి, ఖరీదూ ఎక్కువే. చవగ్గా చేసిస్తామనేవాళ్లు ముందు కోత పెట్టేది కంటికి కనబడని పవర్ సప్లైలో. మాడ్యూళ్లన్నీ కలిపి 80 వాట్లు లాగితే సప్లై కనీసం 100 వాట్లదై ఉండాలి. అది వానకి తడవకుండా, బోర్డు విప్పకుండానే చెయ్యి అందే చోట ఉండాలి. గ్యారంటీ నోటిమాటగా వదిలెయ్యకుండా బిల్లు మీద రాయించుకోండి. అక్షరాలు సగం ఆరిపోయిన బోర్డు చూస్తే జనం కొట్టు మూసేశారనుకుంటారు.

ఏ రకమైనా డబ్బు అక్షరాల మీదే పెట్టండి. 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి 11 మీటర్లు దాటిపోతుంది. ఆ కాస్త సేపట్లో పేరు, అమ్మే సరుకు, ఈ రెండే కంటికి అందుతాయి. దేవుడి బొమ్మ, ఓనర్ ఫొటో, మూడు ఫోన్ నంబర్లు వాటికి చోటు లేకుండా చేస్తాయి. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల నుంచి హాయిగా చదవొచ్చన్నది బోర్డుల పనిలో వాడే లెక్క. తెలుగులో గుడులు, ఒత్తులు కొంత ఎత్తు తినేస్తాయి కాబట్టి ఈ కొలత అసలు అక్షరానికే వెయ్యమనండి. డిజైను చేతికి రాగానే ఒత్తులు సరైన చోట పడ్డాయో లేదో అక్షరం అక్షరం చూడండి, ఫాంటు మారితే అవి చెదిరిపోతుంటాయి.

మన దుకాణాల చట్టం నిబంధనల ప్రకారం బోర్డు మీద పేరు తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు కూడా కావాలంటే తెలుగు తర్వాతే. బిగించే ముందు మున్సిపాలిటీలో ఫీజు, అనుమతి, ఎత్తు నిబంధనలు కనుక్కోండి. బిగించాక చీకటి పడే వేళ రోడ్డవతలికెళ్లి చదివి చూసి, అప్పుడు మిగతా డబ్బు ఇవ్వండి.